సజ్జ నూకంత

వాల్విస్ బే వదిలి మూడో రోజు.
సముద్రం అడుగు నుంచి బురద తోడే ఓడలో
నేను వంటవాణ్ణి. పేరు టుయెనికెలావొ.
నోరు తిరగని వాళ్ళు "కుక్కీ" అంటారు, పలుకుతాను.

సంకటి కెలుకుతుంటే మాగ్రీటా వచ్చింది.
మోచేతుల దాకా ఆకుపచ్చ బురద.
కుళ్ళిన గుడ్డు కంపు ఆమెకంటే ముందే వచ్చింది.
"తెడ్డు పక్కన పెట్టి రా, ఒకటి చూపిస్తా."

గాజు పళ్ళెంలో చుక్క నీళ్ళు,
నీళ్ళలో తెల్లగా ఏదో, సజ్జ నూకంత.
మా అమ్మ చేటలో నూకలు చెరిగి పెరిగినవాణ్ణి,
"నా గిన్నెలోదే, నీ చేతికంటుకుని వచ్చింది" అన్నాను.
నవ్వలేదామె.
"ఒకే ఒక్క కణం. బాక్టీరియా.
దీని జాతిలో దాదాపు ఎవరూ కంటికి ఆనరు.
ఇది ఆనుతుంది."

కటకం కింద కన్ను పెట్టాను.
అంచంతా మెరిసే పూసలు.
గంధకమట, తిని మిగుల్చుకున్నది.
బతుకంతా ఆ అంచులోనే, ఉల్లిపొరంత పలచన.
మధ్యలో?
"సంచి," అంది. "ఒళ్ళంతా దాదాపు సంచే.
అందులో నైట్రేటు. మనకు గాలి ఎలాగో దానికి అది."
సామాన్ల గది చుట్టూ ఇంత చిన్న ఓడా!
నా సామాన్ల గదిలో నేనే ఒదిగి నిలబడాలి.

తాళం వేసిన గది ఒకటుంటుందనుకున్నాను,
కెప్టెన్ కేబిన్ లాంటిది.
లేదు. దీనికి కేంద్రకం లేదు, కెప్టెన్ లేడు.
రాత మాత్రం ఉంది, చుట్టలు చుట్టిన దారం,
ఒకటి కాదు, వందల ప్రతులు, అంచు పొడవునా.
పని ఎక్కడో పుస్తకం అక్కడే.
నేనూ పొయ్యి పక్క గోడ మీదే
సుద్దతో రాసుకుంటాను ఉప్పు కొలత.
ఆ రాత చదివి మాంసకృత్తులు వండేవి రైబోజోములట.
వాటి పేరూ సరిగా పలకలేకపోయాను.
చెల్లుకు చెల్లు.

చుట్టూ గోడ, చక్కెరలతో అల్లిన వల.
ఒక కన్ను తెంచి ఆ సందులో ఇంకో కన్ను అల్లుకుంటూ
లోపలిది కారిపోకుండానే పెరుగుతుందట.
ఫెస్టస్ మామకి చెప్పాలి,
వల బాగుచెయ్యడానికి ఆయన ఒడ్డుకి రావాల్సిందే.

"తోక లేదేం?"
"చాలా వాటికుంటుంది, పడవ ఇంజను రెక్కలా గిర్రున తిరిగేది.
ఇది ఈదదు. జిగురు గొట్టంలో పక్కవాళ్ళతో వరసగా కూర్చుని
ఎదురుచూస్తుంది."
"దేనికి?"
"తుఫానుకి."
బురద కదిలితే పైకి లేస్తుంది,
నీళ్ళలోని నైట్రేటుతో సంచి నింపుకుంటుంది,
మళ్ళీ అడుక్కి దిగుతుంది.
అడుగున ఊరే గంధకపు విషాన్ని
దాచుకున్న ఆ ఊపిరితో కొంచెం కొంచెంగా కాల్చుకుంటూ
నెలలు, ఒక్కోసారి ఏళ్ళు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ మార్చి.
సముద్రం పాలు కలిపిన పచ్చరంగుకి తిరిగింది.
రొయ్యలు తమంతట తామే ఒడ్డెక్కి నడిచాయి.
పిల్లలు బకెట్లతో పరిగెత్తారు,
ఆ పూటకి పండగే.
తర్వాత పదకొండు రోజులు వలలో ఒక్క చేప లేదు.
మామ ఇంజను అమ్మేశాడు.

"మా కడుపు కొట్టిన రోజు
దీనికి విందన్నమాట" అన్నాను.
గొంతు పెరిగిందని నాకే తెలిసింది.
మాగ్రీటా గోళ్ళలో బురద గీక్కుంటూ
"తినేది ఆ విషాన్నే కదా," అంది.
"ఇవి లేకుంటే ఇంకెంత పైకొచ్చేదో.
లెక్క నా దగ్గర లేదు."

సంకటి అడుగంటింది.
ఎవరూ ఏమీ అనలేదు, మాడు గీకి నేనే తిన్నాను.

సాయంత్రం ఆ పళ్ళెం నా ఫ్రిజ్‌లో పెట్టింది, వెన్న పక్కన,
మూత మీద కాగితం: "తిండి పెట్టొద్దు."
అప్పటినుంచి వెన్న తీసినప్పుడల్లా
తలుపు మెల్లిగా మూస్తున్నాను.
పళ్ళెం కదిలితే
తుఫాను వచ్చిందనుకుంటుందేమో.